అట్టపెట్టెలో ఆరు కుక్కపిల్లలు: మా షెల్టర్‌లో పార్వో వచ్చిన ఇరవై మూడు రోజులు

గేటు తీయబోతే అట్టపెట్టె అడ్డం తగిలిందని మా కేర్‌టేకర్ అక్క పొద్దున్నే ఫోన్ చేసింది. "డాక్టరమ్మా, మళ్లీ ఎవరో వదిలేసి పోయారు. ఆరున్నాయి. తల్లి లేదు."

షెల్టర్ పనిలో ఉన్నవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఆ తర్వాత జరిగిందే ఈ కేసు. మొత్తం 15 కుక్కపిల్లలకు పార్వో వైరస్ (వాంతులు, నెత్తుటి విరేచనాలతో ప్రాణం తీసే అంటుజబ్బు) తగిలే పరిస్థితి వచ్చింది. 8 జబ్బుపడ్డాయి, 4 చనిపోయాయి. జబ్బుపడ్డవాటిలో మూడు ఆ పెట్టెలోవి కావు. వాటికి అంటించింది, నాకు తెలిసినంతలో, నా చేతులే. మాలాంటి చిన్న సంస్థలు నడిపేవాళ్లకు పనికొస్తుందని తప్పులతో సహా రాస్తున్నాను.

మాది చిన్న సంస్థ. జీతానికి పనిచేసేవాళ్లు ముగ్గురు, వచ్చీపోయే వాలంటీర్లు పది పన్నెండు మంది, పశువైద్యురాలిగా నేను రోజుకి సగం పూట. ఆ రోజుకి 34 పెద్ద కుక్కలు, పిల్లల గదిలో 9 కుక్కపిల్లలు, మేడ మీద గదిలో 9 పిల్లులు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాటిని వేరుగా ఉంచే క్వారంటైన్ గది కూడా ఉంది. కాకపోతే అందులో దుప్పట్లు ఉన్నాయి. షెల్టర్లకి జనం ప్రేమగా ఇచ్చేది, మేం వద్దనలేనిది పాత దుప్పటి. చిరిగిన పరుపులు, జిప్పు పోయిన దిండ్లు, ఎవరి పెళ్లికో కుట్టించిన కర్టెన్లు అన్నీ మూటలై ఆ గదిలోకే చేరతాయి. చలికాలం వస్తే వాడదామనుకుంటాం. ఆ చలికాలాలు మూడు గడిచాయి, మూటలు సీలింగును తాకాయి.

మొదటి రోజు

పిల్లల వయసు ఆరేడు వారాలు ఉంటుంది. పాలపళ్లు అన్నీ వచ్చాయి. బరువు 1.2 నుంచి 1.9 కిలోల మధ్య. పొట్టలు ఉబ్బి, వెన్నెముక చేతికి తగులుతోంది, అంటే కడుపునిండా నులిపురుగులు. అన్నీ ఒకే గోధుమ రంగు కాబట్టి ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు ఊలుదారం వదులుగా కట్టాం: ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. నులిపురుగుల మందు వేశాను, టీకా వేశాను. షెల్టర్‌లోకి వచ్చిన పిల్లకి రేపటిదాకా ఆగకుండా లోపలికి వస్తూనే టీకా వేయాలి. అది మాత్రం సరిగ్గానే చేశాను.

ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. "దుప్పట్లు బయటపడేద్దామా?" అంది అక్క. మధ్యాహ్నం ఒక దత్తత ఉంది, రెండు ఆపరేషన్లున్నాయి. "సరేలే అక్కా, ఈ పూటకి క్లినిక్ మూలన ఉంచుదాం, రేపు చూద్దాం" అన్నాను. మందులిచ్చే టేబుల్, బరువు చూసే మిషన్, సర్జరీకి ముందు కుక్కల్ని పడుకోబెట్టే చోటు, అన్నీ ఉన్న గది అది. షెల్టర్‌లోని ప్రతి ప్రాణీ రోజూ ఏదో ఒక పనిమీద వచ్చిపోయే గది. కొత్త పిల్లల్ని తీసుకెళ్లి నేరుగా నాలుగు రోడ్ల కూడలిలో కూర్చోబెట్టాను.

నీలం దారం

రెండో రోజు అందరూ బాగానే ఉన్నారు. పిల్లల గదిలోంచి రెండు పిల్లలు దత్తత వెళ్లిపోయాయి. మూడో రోజు పొద్దున నీలం దారం తిండి దగ్గరికి రాలేదు. మిగతా ఐదూ గిన్నెలో తలలు దూర్చి తోసుకుంటుంటే, అది మూలకి తిరిగి, గోడకి ముక్కు ఆనించి కూర్చుంది. కుక్కపిల్ల అలా గోడవైపు కూర్చుంటే నాకు భయం. జ్వరం 40 డిగ్రీల సెల్సియస్. సాయంత్రానికి నురగలాంటి వాంతి. రాత్రి ఎనిమిదికి విరేచనం, దానికి ఆ వాసన. పార్వో వాసన ఒకసారి పీల్చినవాళ్లు జన్మలో మర్చిపోరు. తుప్పుపట్టిన ఇనుమూ కుళ్లిన మాంసమూ కలిసినట్టు, తియ్యగా ఉంటుంది.

కిట్ తీసి పార్వో పరీక్ష చేశాను. పది నిమిషాలు ఆగమంటుంది కాగితం. మూడు నిమిషాలకే, కిట్ పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీత కన్నా ముదురుగా, వైరస్ ఉందని చెప్పే రెండో గీత పడింది. ఇక్కడొక మాట. బతికున్న వైరస్ టీకా వేశాక కొన్ని రోజులపాటు ఈ పరీక్షలో లేత గీత రావచ్చు. అందుకని లక్షణాలు లేని పిల్లలకి పరీక్ష చేసి కంగారుపడకూడదు. కానీ వాంతి, నెత్తుటి విరేచనం, ఇంత ముదురు గీత మూడూ కలిసొచ్చాక టీకా మీద నెట్టేయడానికేం లేదు. పార్వో సోకాక లక్షణాలు కనిపించడానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి 14 రోజులదాకా పడుతుంది. కాబట్టి నీలం దారం పెట్టెలోకి ఎక్కేసరికే జబ్బు దానిలో ఉంది. పైకి కనపడక ముందు నుంచే అది మలంలో వైరస్ వదులుతూనే ఉంటుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి దుప్పట్ల మూటలు వర్షంలో బయటపడ్డాయి. మూడేళ్లుగా కుదరని పని నలభై నిమిషాల్లో అయిపోయింది.

ఈ వైరస్ పేగు లోపలి పొరలో, ఎముక మజ్జలో, ఎక్కడ కణాలు వేగంగా పుడుతుంటే అక్కడ దెబ్బ తీస్తుంది. పేగు పొర ఊడిపోతే నీళ్లూ నెత్తురూ బయటికి పోతాయి, పేగులోని బాక్టీరియా రక్తంలోకి వస్తుంది. దాన్ని ఎదుర్కోవాల్సిన తెల్లకణాలు అదే సమయంలో అడుగంటుతాయి. వైరస్‌ని చంపే మందు మా దగ్గర లేదు. చేయగలిగిందల్లా పేగు తిరిగి అల్లుకునేదాకా ప్రాణం నిలబెట్టడం: సెలైన్, వాంతులు ఆగడానికి మారోపిటెంట్, యాంటీబయాటిక్, గ్లూకోజ్, వెచ్చదనం. వైద్యం లేకపోతే పదిలో తొమ్మిది పోతాయి. మంచి ఆసుపత్రిలో, ఇరవై నాలుగ్గంటలూ మనిషి ఉంటే, పదిలో ఎనిమిది తొమ్మిది బతుకుతాయి. మా లెక్క ఎనిమిదికి నాలుగు. ఈ తేడా ఎక్కడొచ్చిందో నాకు తెలుసు. మొదట్లో రాత్రి పన్నెండు దాటాక షెల్టర్‌లో మనిషి లేడు.

నాలుగో రోజు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జబ్బుపడ్డాయి, ఆ తర్వాత నలుపు కూడా. ఐదో రోజు తెల్లవారుజామున నేను వెళ్లేసరికి నీలం దారం ఒళ్లు చల్లబడిపోయింది. రక్తంలో గ్లూకోజ్ 42కి పడిపోయింది. నరం దొరకలేదు. ముందు కాళ్లు చూశాను, మెడ చూశాను, చర్మం కింద ఏమీ లేనట్టే ఉంది. ఇలాంటప్పుడు చిన్నపిల్లలకి ఎముకలోంచే సెలైన్ ఎక్కించవచ్చు. తొడ ఎముక పైకొస దగ్గర చర్మం శుభ్రం చేసి, 20 గేజ్ సూదిని మెల్లగా తిప్పుతూ లోపలికి దించాను. పైనున్న గట్టి పొర దాటగానే పట్టు సడలినట్టు వేలికి తెలుస్తుంది. తెలిసింది. సెలైన్ ఎక్కింది, గ్లూకోజ్ ఎక్కింది, పది నిమిషాలకి కళ్లు కూడా తెరిచింది. ఆరున్నరకి పోయింది. ఆ సూది రాత్రి రెండుకి పడి ఉంటే ఏమయ్యేదో.

ఆ రోజు నుంచి రాత్రి డ్యూటీ వేసుకున్నాం. డిగ్రీ చదివే వాలంటీర్ కుర్రాడికి గంటగంటకీ ఏం చూడాలో నేర్పాను: చిగుళ్ల రంగు, ఒంటి వేడి, డ్రిప్ పోతోందా లేదా, ఎన్నిసార్లు కక్కింది. అతను రాసిన కాగితాలు నా కేసు షీట్ల కన్నా బాగున్నాయి. "3.10: నలుపు తోక ఊపింది" అని కూడా రాశాడు. అది వైద్యపరంగా పనికొచ్చే సమాచారమే, నేను కొట్టేయలేదు.

నేను చదువుకున్న రోజుల్లో వాంతులు ఆగేదాకా నోట్లో నీటి చుక్క కూడా వేయొద్దనేవారు. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, తొలిరోజు నుంచే కొద్దికొద్దిగా ద్రవాహారం పంపిస్తే పేగు త్వరగా కోలుకుంటుంది. ఎరుపు, నలుపు దారాలు బతకడంలో ఈ గొట్టానిదే పెద్ద పాత్ర అని నా అంచనా. ఆకుపచ్చ ఆరో రోజు పోయింది. పసుపు కోలుకుంటున్నట్టే ఉండి ఎనిమిదో రోజు మళ్లీ వాంతులు మొదలుపెట్టింది. పొట్ట తడిమితే వేలంత గట్టి ముద్ద. పేగు పేగులోకి దూరిపోయింది. పార్వోలో అప్పుడప్పుడూ ఇలా జరుగుతుంది. దానికి ఆపరేషన్ ఒక్కటే దారి, ఆ ఒంటికి మత్తు తట్టుకునే శక్తి లేదు. బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చాం. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుంది. తెల్ల దారానికి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో చెప్పలేను.

బరువుల పుస్తకం

ఏడో రోజు పిల్లల గదిలో ఒక పిల్ల కక్కింది.

అందరం దిమ్మెరపోయాం. మూడో రోజు రాత్రి నుంచీ ఆ గదికి వేరే మనిషి, వేరే చెప్పులు, వేరే బకెట్, వేరే మోప్. పెట్టెలో వచ్చినవి ఆ గదిలో అడుగు కూడా పెట్టలేదు. ఎవరైనా చెప్పులు మార్చుకోలేదా అని ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలైంది. రాత్రి డ్యూటీ కుర్రాడి మీదికి పోయింది మాట. అప్పుడు నేను క్లినిక్‌లో కూర్చుని మొదటి రోజు నుంచి పేజీలు తిప్పాను.

బరువుల పుస్తకం అని ఒకటుంది మాకు. ప్రతి పిల్ల బరువూ రోజూ రాస్తాం. పెరిగే వయసులో బరువు ఒక్కరోజు తగ్గినా అది మొదటి హెచ్చరిక. మొదటి రోజు పేజీలో, నా చేతిరాతలో, పెట్టెలోని ఆరింటి బరువులు. వాటి కింద ఒక గీత. గీత కింద పిల్లల గదిలోని తొమ్మిది బరువులు. రెండో రోజూ అంతే: ముందు ఆరు, తర్వాత తొమ్మిది, అందులో దత్తత వెళ్లబోయే రెండింటి పక్కన టిక్కు.

మిషన్ మీద గాళ్లు పడిన రబ్బరు చాప ఉంటుంది, పిల్లలు జారకుండా. ఆరు పిల్లల్ని తూచాక నేను దాన్ని స్పిరిట్ దూదితో తుడిచాను. చేతులకి కూడా స్పిరిట్ జెల్ రాసుకున్నాను. మాకందరికీ అలవాటే అది. స్పిరిట్‌లోని ఆల్కహాల్ పనిచేసేది వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొర మీద. పార్వోకి ఆ పొరే లేదు. కాలేజీలో ఈ ప్రశ్నకి నేను జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను. నేల తుడిచే మామూలు ఫినాయిలూ, క్వాటర్నరీ అమ్మోనియం ద్రావణాలూ కూడా దీనిమీద నమ్మదగ్గవి కావు. పనిచేసేది బ్లీచ్: గృహావసరాలకు దొరికే 5 నుంచి 6 శాతం బ్లీచ్ ఒక పాలుకి 32 పాళ్ల నీళ్లు, పది నిమిషాలు తడిగా ఉండాలి. ముందు సబ్బుతో మలం, జిడ్డు పూర్తిగా కడిగేయాలి. మురికి ఉంటే బ్లీచ్ దానిమీదే ఖర్చయిపోతుంది. కలిపిన నీళ్లు ఒక్క రోజుకే, మర్నాడు పారబోయాలి. మేం గదులన్నీ అలాగే కడిగాం. మిషన్ ఎవరికీ గుర్తు రాలేదు. తుడుస్తూనే ఉన్నాం కదా మరి, రోజూ, స్పిరిట్‌తో.

ఆ పేజీ తీసుకెళ్లి అందరిముందూ పెట్టాను. రాత్రి డ్యూటీ కుర్రాడు ఏమీ అనలేదు. అక్క మాత్రం "అయితే చెప్పుల గొడవ వదిలేద్దాం" అని లేచి వెళ్లి మిషన్ రబ్బరు చాప పీకేసింది.

రెండో తప్పు కూడా ఆ గదిలోనే బయటపడింది. ఏడో రోజు పడిన పిల్లకీ, తొమ్మిదో రోజు పడిన దానికీ ఒక్కో డోసు టీకా అప్పటికే పడి ఉంది. తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంటాయి. మధ్యలో ఒక చిక్కు దశ ఉంటుంది. బయటి వైరస్‌ని ఆపడానికి అవి చాలవు, టీకాని పనిచేయనీయకుండా ఆపడానికి మాత్రం సరిపోతాయి. ఏ పిల్లకి ఆ దశ ఎప్పుడో పైనుంచి చెప్పలేం. అందుకే షెల్టర్లలో నాలుగు వారాల వయసు నుంచే మొదలుపెట్టి, రెండేసి వారాలకి ఒకటి చొప్పున ఇరవై వారాలదాకా వేయమంటారు. మేం ఇళ్లలో పెంచే కుక్కల లెక్కన నెలకోటి వేసేవాళ్లం, ఖర్చు కలిసొస్తుందని. తొమ్మిదో రోజు పడిన పిల్ల మర్నాడే పోయింది. మొదటిది బతికింది.

ఫోన్లు

మూడో రోజు రాత్రే, మిషన్ సంగతి ఇంకా తెలియక ముందే, దత్తత ఇచ్చిన రెండిళ్లకీ ఫోన్ చేద్దామన్నాను. మా కమిటీలో ఒకాయన ఒప్పుకోలేదు. "ఆ గదిలో జబ్బు లేదు కదమ్మా, ఊరికే పేరు పాడుచేసుకోవడం ఎందుకు" అన్నారు. ఆయన పెద్దాయన, సంస్థకి ఎంతో చేశారు. ఎదురు చెప్పడం ఇష్టం లేకపోయినా చెప్పాను, చేశాను. ఏమేం చూడాలో, దేనికి క్షణం ఆలస్యం చేయకూడదో చెప్పి, పిల్లని పద్నాలుగు రోజులు బయట తిప్పొద్దన్నాను.

ఎనిమిదో రోజు వాళ్లలో ఒకావిడ నుంచి ఫోన్. "మేడమ్, మీరు చెప్పారుగా, గిన్నె దగ్గరికి రావట్లేదు. వాంతి ఇంకా అవలేదు. తీసుకెళ్లమంటారా?" గంటలో ఆసుపత్రిలో చేర్చారు. చేర్చిన నాలుగో రోజుకి ఇంటికి తెచ్చుకున్నారు. మొత్తం కేసులో అందరికన్నా తేలిగ్గా గట్టెక్కింది ఆ పిల్లే, ఎందుకంటే వాంతికి ముందే వైద్యం మొదలైంది. ఆ పెద్దాయనకి ఈ సంగతి నేనే చెప్పాను. తల ఊపారు. ఆసుపత్రి బిల్లు తన జేబులోంచి కట్టారు.

ఇక రెండో రకం ఫోన్లు. కొత్త జంతువుల్ని తీసుకోవడం ఆపేశామని, కారణంతో సహా బోర్డు పెట్టాం. చివరి కేసు బయటపడ్డ తొమ్మిదో రోజు నుంచి 14 రోజులు, అంటే ఇరవై మూడో రోజుదాకా గేటు మూసి ఉంచాం. తిట్లు పడ్డాయి. "మీరేం జంతుప్రేమికులు", "విరాళాలు తీసుకునేటప్పుడు తెలియలేదా" లాంటివి. ఫోనెత్తే అక్క రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు నుంచి గట్టిపడింది. "బాబూ, ఇక్కడికి తెస్తే చచ్చిపోద్ది. మీ ఇంట్లోనే పది రోజులు ఉంచు, తిండి మేం పంపిస్తాం, టీకా మేమొచ్చి వేస్తాం" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటతో సగం మందికి పైగా ఒప్పుకున్నారు. ఇన్నేళ్లుగా ఈ మాట మేం ఎవరినీ అడగలేదు. దొరికిన ప్రతి పిల్లనీ షెల్టర్లోకి తీసుకోవడమే సేవ అనుకున్నాం. 2010లో అమెరికాలోని అసోసియేషన్ ఆఫ్ షెల్టర్ వెటర్నేరియన్స్ వెలువరించిన ప్రమాణాల్లో, చూసుకోగలిగిన దానికి మించి జంతువుల్ని పెట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆమోదించలేమని స్పష్టంగా ఉంది. నేను దాన్ని చదివాను కూడా. కాకపోతే చూసుకోగలిగినంత అంటే ఖాళీ బోనులు అనుకున్నాను. వేరుగా పెట్టడానికి గది, తుడిచే చేతులు, రాత్రిపూట మెలకువగా ఉండే మనిషి, వీటిని ఎప్పుడూ లెక్కలో వేయలేదు.

పెద్ద కుక్కల గురించి అంత దిగులు పడలేదు. టీకాలు పూర్తయిన పెద్దవాటికి పార్వో రావడం అరుదు. ఐదింటి టీకా చరిత్ర తెలియదు, వాటికి యాంటీబాడీ పరీక్ష చేస్తే నాలుగింటికి రక్షణ ఉంది, ఐదోదాన్ని వేరుగా ఉంచాం. పిల్లుల గదికే కంగారుపడ్డాం. కుక్కల పార్వో 1978లో తొలిసారి గుర్తింపుకొచ్చింది. పిల్లులకి ఎప్పటినుంచో ఉన్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కి ఇది దగ్గరి చుట్టం. మొదట వచ్చిన రకం పిల్లులకి సోకేది కాదు గానీ ఇప్పుడు తిరుగుతున్న రకాలు సోకగలవు. అందుకని పిల్లుల్ని చూసే అమ్మాయిని మేడ దిగొద్దన్నాం. టిఫిన్ బాక్సు తాడు కట్టి పైకి లాక్కునేది. అక్కడ ఒక్క కేసూ రాలేదు.

ఇప్పుడు

బరువు చూసే మిషన్లు మూడు: కొత్తవాటికి ఒకటి, పిల్లల గదికి ఒకటి, క్లినిక్‌కి ఒకటి. రబ్బరు చాపలు లేవు. ఒక్కో పిల్లకి ఒక్కో పాత పేపరు పరిచి తూచి పారేస్తాం. తూచే వరుస కూడా మారింది, ఆరోగ్యంగా ఉన్నవి ముందు, కొత్తవి చివర. స్పిరిట్ జెల్ సీసాలు తీసేయలేదు, వేరే వాటికి పనికొస్తాయి. కానీ పిల్లల గది తలుపు దగ్గర సబ్బు, నీళ్లు, గ్లౌజులు మాత్రమే ఉంటాయి. టీకాలు రెండు వారాలకోసారి. క్వారంటైన్ గది తాళం అక్క కొంగుకి ఉంటుంది. ఆ గది నిండితే ఆ రోజుకి షెల్టర్ నిండినట్టే, బోనులు ఎన్ని ఖాళీగా ఉన్నా సరే. ఈ నిబంధన నాకు కూడా రెండుసార్లు కోపం తెప్పించింది. అక్క తాళం ఇవ్వలేదు.

ఎరుపు, నలుపు, తెలుపు మూడూ ఇళ్లకి వెళ్లిపోయాయి. బతికిన రెండింటినీ తగ్గాక కూడా రెండు వారాలు వేరుగా ఉంచాకే పంపాం, అప్పటిదాకా మలంలో వైరస్ రావచ్చు కనుక. నలుపుని రాత్రి డ్యూటీ కుర్రాడే తీసుకున్నాడు.

గదులు కడగొచ్చు, మట్టిని కడగలేం. పిల్లల్ని ఎండకి దింపే వెనక పెరట్లో రెండో రోజు ఆ ఆరూ గంటసేపు ఆడాయి. నీడపట్టు మట్టిలో ఈ వైరస్ నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతికి ఉండగలదు. అక్కడ కర్ర పాతి, దానిమీద వచ్చే ఏడాది తేదీ పెయింట్‌తో రాశాం. ఆ తేదీ దాకా అక్కడ టీకాలు పూర్తయిన పెద్ద కుక్కలే తిరుగుతాయి.